మారియో జగాలో: సంయమనమే వ్యూహంగా

ప్రపంచ ఫుట్‌బాల్ కప్పును ఆటగాడిగానూ, జాతీయ జట్టు శిక్షకుడిగానూ గెలుచుకున్నవారు 2022 నాటికి ముగ్గురే. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1974లో ఆటగాడిగా, 1990లో శిక్షకుడిగా ఆ గౌరవం పొందాడు. ఫ్రాన్స్‌కు చెందిన దిదియే దెషాం 1998లోనూ 2018లోనూ అదే దారిన నడిచాడు. వీరిద్దరూ ఆడేనాటికే తమ జట్లకు నాయకులు. ఆజ్ఞాపించడం, అనుసరింపజేయడం వారికి మైదానంలోనే అలవడిన విద్య. వీరికంటే ముందు, 1970లోనే, ఆ ద్వివిధ విజయాన్ని సాధించిన బ్రెజిల్ దేశస్థుడు మారియో జొర్జి లోబో జగాలో కథ అటువంటిది కాదు. పీలే, గరించా, దీదీ వంటి మహాప్రతిభావంతుల సరసన ఆడినవాడాయన. వారి ప్రభలో ఆయన పేరు రెండవ వరుసలోనే ఉండిపోయింది. అసాధారణులైన సహచరుల మధ్య సాధారణుడిగా పేరుపడ్డవాడు శిక్షకుల చరిత్రలో ప్రథముడెలా కాగలిగాడన్నది విచారించదగిన విషయం. ఆయన శిక్షకుడిగా చేసిన మంచిచెడులు రెండింటికీ మూలం ఆయన ఆడిన తీరులోనే ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈశాన్య బ్రెజిల్‌లోని అలగోవాస్ రాష్ట్రంలో 1931 ఆగస్టు 9న జన్మించిన జగాలో శైశవంలోనే కుటుంబంతోపాటు రియో డి జనీరో చేరుకున్నాడు. ఫుట్‌బాల్ ఆడి బతకడాన్ని మధ్యతరగతి కుటుంబాలు గౌరవప్రదమైన వృత్తిగా ఇంకా అంగీకరించని కాలమది. కొడుకు లెక్కలు చూసే ఉద్యోగంలో స్థిరపడాలన్నది తండ్రి కోరిక. అమెరికా అనే క్లబ్బులో ఆట నేర్చి, 1950లో ఫ్లమెంగో క్లబ్బుకు మారిన ఆ యువకుడు, అదే సంవత్సరం నిర్బంధ సైనిక సేవలో ఉండి, జూలై 16న మరకానా మైదానంలో బందోబస్తుకు నియుక్తుడయ్యాడు. నాటి పోటీలో డ్రా చేసుకున్నా ప్రపంచ కప్పు బ్రెజిల్‌దే. సుమారు రెండు లక్షల మంది ప్రేక్షకుల ఎదుట, మొదటి గోలు తానే చేసి కూడా, ఆ జట్టు ఉరుగ్వే చేతిలో 1-2 తేడాతో ఓడిపోయింది. ఆ పరాజయాన్ని బ్రెజిల్ ప్రజలు కేవలం ఒక ఆట ఓటమిగా భావించలేదు. నేరమంతా గోల్‌కీపర్ బర్బోసా నెత్తిన రుద్దారు. జట్టు ధరించే తెల్ల చొక్కాను సైతం అపశకునంగా ఎంచి విసర్జించి, పసుపు పచ్చ చొక్కాను స్వీకరించారు. కాపలా విధిలో ఉండి ఆ దుఃఖాన్ని ప్రత్యక్షంగా చూసిన పద్దెనిమిదేళ్ల సైనికుడు, ముందుకు దూకడంలో ఎంత మహిమ ఉన్నదో వెనుక భాగాన్ని మరవడంలో అంత ప్రమాదమూ ఉన్నదని ఆనాడే గ్రహించాడని చెప్పడం అతిశయోక్తి కావచ్చు; కాని తరువాతి నలభై ఎనిమిదేళ్ల ఆయన ప్రవర్తన ఆ ఊహకు విరుద్ధంగా ఎక్కడా లేదు.

ఫ్లమెంగో 1953 నుంచి 1955 దాకా వరుసగా మూడేళ్లు రియో రాష్ట్ర విజేతగా నిలిచినప్పుడు జగాలో ఆ జట్టు ఎడమ వింగర్. ఎడమ అంచున ఆడేవాడి పని, నాటి సంప్రదాయం ప్రకారం, బంతి అందగానే ప్రత్యర్థి రక్షకుణ్ని దాటిపోయి గోలు ముందుకు బంతిని అందించడం. బంతి పోయినప్పుడు నిలబడి మళ్లీ అది వచ్చేదాకా నిరీక్షించడం. జగాలో నిరీక్షించలేదు. బంతి చేజారిన మరుక్షణం తన సగంలోకి పరుగెత్తి మధ్యభాగాన్ని కాపాడేవాడు. సన్నని దేహంతో ఎడతెగక శ్రమించే ఆ తీరును చూసి జనం ఆయనను చిన్న చీమ అని పిలిచారు. పిలుపులో ముద్దు ఎంత ఉన్నదో, కళాకారుల జట్టులో కూలివాడన్న చులకనా అంతే ఉన్నది.

ఆ కాలపు వ్యూహచరిత్రలో ఈ పరుగుకు గల ప్రాముఖ్యం సామాన్యమైనది కాదు. 1950 దశకంలో బ్రెజిల్ క్లబ్బులు నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, నలుగురు ఆక్రామకులు అన్న అమరికను పెంపొందించుకున్నాయి. దాడికి నలుగురు, కాపుకు నలుగురు సరిపోయినా, విశాలమైన మధ్యభాగాన్ని ఇద్దరే ఏలవలసి రావడం అందులోని ప్రధాన దోషం. ఎడమ వింగర్ వెనక్కి వచ్చినప్పుడల్లా ఆ ఇద్దరు ముగ్గురవుతారు; ముందుకు వెళ్లినప్పుడు దాడి నలుగురిదిగానే ఉంటుంది. అనంతర కాలంలో ప్రపంచమంతటా వ్యాపించిన నాలుగు-మూడు-మూడు అమరికకు బీజం ఇక్కడే పడింది. సిద్ధాంతంగా దీన్ని ప్రతిపాదించినవారు ఎవరైనా కావచ్చు. కాళ్లతో నిరూపించినవాడు జగాలో.

1958లో స్వీడన్‌కు వెళ్లిన జట్టులో ఆయనకు స్థానం దొరకడంలో అదృష్టానికి కూడా పాలుంది. సావో పాలో క్లబ్బుకు చెందిన కన్యొతేయిరో బంతిమీద మాయ చేయగల దిట్ట, కాని జట్టులోకి ఎంపిక కాలేదు. శాంటోస్ క్లబ్బు వింగర్ పెపె తిరుగులేని కాలిదెబ్బ గలవాడు, కాని పోటీలకు ముందు గాయపడ్డాడు. శిక్షకుడు విసెంతె ఫెయోలా ఎడమ అంచును జగాలోకు అప్పగించాడు. కుడి అంచున గరించా ఇష్టానుసారం విహరించడానికి అవకాశం కలిగిందంటే, అవతలి అంచున ఒకడు క్రమం తప్పక వెనక్కి పరుగెత్తుతున్నాడన్న భరోసా అందుకు ఒక కారణం. జూన్ 29న జరిగిన అంతిమ పోటీలో స్వీడన్ మొదట గోలు చేసినా బ్రెజిల్ 5-2తో గెలిచింది. నాలుగవ గోలు జగాలోది, పీలే చేసిన అయిదవ గోలుకు బంతిని అందించినవాడూ ఆయనే. ఆ ఏడాదే బొటాఫోగో క్లబ్బుకు మారిన జగాలో, నాలుగేళ్ల తరువాత చిలీలో మళ్లీ అదే స్థానంలో ఆడాడు. రెండవ పోటీలోనే పీలే గాయపడి తప్పుకున్నందున 1962 జట్టు మరింత జాగ్రత్తతో ఆడవలసి వచ్చింది. ముగ్గురు మధ్యస్థుల అమరిక అప్పుడు మినహాయింపు కాక నియమమే అయింది. శాంతియాగోలో చెకొస్లొవేకియాను 3-1తో ఓడించి బ్రెజిల్ కప్పును నిలబెట్టుకున్నది.

1965లో ఆట విరమించిన జగాలో బొటాఫోగో యువజట్టుకు, పిమ్మట ప్రధాన జట్టుకు శిక్షకుడై 1967, 1968 సంవత్సరాల్లో రియో రాష్ట్ర విజయాలు సాధించాడు. జెర్సన్, జైర్జిన్హో ఆయన వద్ద ఆడింది ఆ సంవత్సరాల్లోనే. ఈలోగా జాతీయ జట్టు 1966లో ఇంగ్లండ్‌లో హంగరీ చేతిలోనూ పోర్చుగల్ చేతిలోనూ 1-3 తేడాతో ఓడి, మొదటి దశలోనే నిష్క్రమించి అపకీర్తి మూటగట్టుకున్నది. ఆ శిథిలాన్ని పునర్నిర్మించే బాధ్యత 1969 ఆరంభంలో జోవాన్ సల్దానా అనే విలక్షణ వ్యక్తికి లభించింది. ఆయన పత్రికా రచయిత. సైనిక నియంతృత్వం రాజ్యమేలుతున్న దేశంలో బహిరంగ కమ్యూనిస్టు. ఒకప్పుడు బొటాఫోగోకు శిక్షకుడై విజయం సాధించినవాడు. తన ఆటగాళ్లెవరో మొదటి దినానే ప్రకటించి, ప్రవేశపోటీలు ఆరింటినీ గెలిచి, 23 గోలులు చేసి రెండింటినే ఇచ్చిన జట్టును ఆయన దేశానికి అందించాడు.

అటువంటివాణ్ని ప్రపంచ కప్పుకు మూడు నెలల ముందు, 1970 మార్చిలో, ఎందుకు తొలగించారన్న ప్రశ్నకు ప్రచారంలో ఉన్న సమాధానం సరళమైనది: దేశాధ్యక్షుడు జనరల్ మెదిసి తనకు ఇష్టుడైన దారియో అనే ఆక్రామకుణ్ని జట్టులోకి తీసుకోవాలని కోరగా, మంత్రులను మీరు ఎంచుకోండి, ఆటగాళ్లను నేను ఎంచుకుంటానన్న ధోరణిలో సల్దానా జవాబిచ్చాడనీ, అందుకే పదవి పోయిందనీ. ఈ కథనం అసత్యం కాదు గాని అసంపూర్ణం. అర్జెంటీనా చేతిలో స్వదేశంలోనే 0-2 ఓటమి, తనను విమర్శించిన ఫ్లమెంగో శిక్షకుణ్ని వెదుకుతూ తుపాకితో బయలుదేరిన దుడుకుతనం, పీలే కంటిచూపుపై సందేహం వ్యక్తం చేసి ఆయననే పక్కన పెట్టబోవడం వంటివన్నీ కలిసి, క్రీడాసమాఖ్య అధ్యక్షుడు అవెలాంజ్‌కు కావలసినంత నెపాన్ని సమకూర్చాయి. కమ్యూనిస్టు చేతిలోని జట్టు కప్పుతో తిరిగి రావడం ప్రభుత్వానికి రుచించదన్నది ఊహించడానికి కష్టమైనది కాదు; ఆ ప్రభుత్వానికి పని సులువు చేసినవాడు మాత్రం సల్దానాయే.

సమాఖ్య సంప్రదించిన మొదటి వ్యక్తి జగాలో కాదు. కాదన్నవారు కాదన్న తరువాత ఆయన వంతు వచ్చింది, వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడు ఆయన వయస్సు ముప్పయి ఎనిమిది. 1970 జట్టు సల్దానా సృష్టి అనీ, జగాలో దానికి నామమాత్రపు కావలివాడనీ వాదించేవారు నేటికీ ఉన్నారు. పీలే, తొస్తావో, జెర్సన్, జైర్జిన్హో, కార్లోస్ అల్బెర్టో తదితరులందరూ ఆయన రాకకు ముందే జట్టులో ఉన్నారన్నంతవరకు ఆ వాదం న్యాయమే. అయితే మెక్సికోలో ప్రపంచం చూసిన అమరిక సల్దానాది కాదు. సల్దానా జట్టు నలుగురు ఆక్రామకులతో, ఎడమ అంచున ఎదు అనే అసలైన వింగర్‌తో ఆడేది. జగాలో ఆ స్థానంలో కొరింథియన్స్ క్లబ్బుకు చెందిన మధ్యస్థుడు రివెలినోను నిలిపాడు. అనగా పన్నెండేళ్ల కిందట తాను చేసిన పనినే, తనకంటే అధిక ప్రతిభ గల ఎడమకాలికి అప్పగించాడు. మధ్యస్థుడైన పియాజాను వెనక్కి జరిపి రక్షణ నడుమ ఉంచడం వల్ల, వెనుక నుంచి బంతిని శుభ్రంగా ముందుకు పంపగలవాడొకడు ఏర్పడ్డాడు. మధ్యలో ఖాళీ అయిన చోటు ఇరవయ్యేళ్ల క్లొదొఆల్దోకు దక్కింది. పీలే, తొస్తావో ఇద్దరూ ఒకే రకం ఆటగాళ్లనీ, కలిసి ఆడలేరనీ మొదట ఆయనే సందేహించాడు. సన్నాహక పోటీలు చూసి మనసు మార్చుకున్నాడు. తన క్లబ్బులో స్వేచ్ఛగా తిరిగే తొస్తావో, ఇక్కడ ముందు నిలిచి ప్రత్యర్థి రక్షకులను తనవైపు లాగుతూ, వెనుకనున్నవారికి దారులు తెరిచే త్యాగపాత్రను స్వీకరించాడు. రెటీనా శస్త్రచికిత్స జరిగి ఏడాది కూడా నిండని మనిషి అంతటి భారం మోయగలడని నమ్మడం చిన్న సాహసం కాదు.

దారియో విషయంలో జగాలో ప్రవర్తించిన తీరు ఆయన స్వభావానికి నిదర్శనం. ఆ ఆటగాణ్ని జట్టులోకి తీసుకున్నాడు. మెక్సికోలో ఒక్క నిమిషమైనా ఆడించలేదు. ఇది లౌక్యమని కొందరు, లొంగుబాటని కొందరు అన్నారు. సల్దానా ధైర్యంతో పోలిస్తే ఇది కురచగానే కనిపిస్తుంది. అయినా ఆ కాలంలో, ఆ పదవిలో, జట్టు అమరికను చెదరనివ్వకుండా అధికారాన్ని సంతృప్తిపరచే మార్గం మరొకటి ఆయనకు తోచినట్లు లేదు.

సన్నాహాల విషయంలో ఆ జట్టు యూరోపు జట్లకంటే వెనుకబడిందనుకోవడం పొరపాటు. మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. పోటీలు టెలివిజన్ అనుకూలతకై కొన్ని మధ్యాహ్నపు ఎండలో నిర్ణయమయ్యాయి. బ్రెజిల్ బృందం వారాల ముందే చేరుకొని గ్వానహ్వాతో ఎత్తులలో శరీరాలను అలవాటు చేసుకున్నది. దేహ శిక్షణను అద్మిల్దో షిరోల్, ఆయనతోపాటు కార్లోస్ అల్బెర్టో పరేరా, సైనికాధికారి అయిన క్లౌదియో కౌటిన్హో శాస్త్రీయంగా నడిపారు. బ్రెజిల్ ఆట సహజలీల అన్న భ్రమను అభిమానులూ విమర్శకులూ సమానంగా పోషించారు గాని, ఆ జట్టు తన గోలులలో అధికభాగాన్ని రెండవ సగంలోనే, ప్రత్యర్థి అలసిన వేళ సాధించిందన్న వాస్తవం మరో కథ చెబుతుంది.

ఫలితాలు సుప్రసిద్ధం. చెకొస్లొవేకియాపై 4-1, ఇంగ్లండ్‌పై 1-0, రుమేనియాపై 3-2, పెరూపై 4-2. ఈ పెరూకు శిక్షకుడు 1958, 1962 జట్లలో జగాలో సహచరుడైన దీదీయే కావడం చరిత్ర కల్పించిన ముచ్చట. ఉరుగ్వేతో సెమీఫైనల్లో జెర్సన్‌ను ప్రత్యర్థి కట్టడి చేయగా, అతడు వెనుక ఆగి క్లొదొఆల్దోను ముందుకు పంపాడు. సమం చేసిన గోలు ఆ క్లొదొఆల్దోదే. శిక్షకుని ఆదేశానికి నిరీక్షించకుండా ఆటగాళ్లే పరిష్కారం కనుగొనగలగడం, దానిని శిక్షకుడు తన అధికారానికి భంగంగా భావించకపోవడం, ఆ జట్టు రహస్యాలలో ఒకటి. జూన్ 21న అజ్తెకా మైదానంలో ఇటలీపై 4-1 విజయంలోని చివరి గోలు ఆటచరిత్రలో అత్యధికంగా ప్రశంసలందుకున్న వాటిలో ఒకటి. ఇటలీ ఎడమ రక్షకుడు ఫాకెట్టి తన ప్రత్యర్థిని నీడలా వెంబడిస్తాడని ముందే గ్రహించి, జైర్జిన్హోను లోపలికి నడిపించారు. అతనితోపాటు ఫాకెట్టి కూడా తరలిపోగా, ఖాళీ అయిన కుడి అంచున కార్లోస్ అల్బెర్టో దూసుకొచ్చాడు. ఆరు పోటీలు, ఆరు విజయాలు, 19 గోలులు. మూడవ పర్యాయం గెలిచినందున జూల్స్ రిమే కప్పు బ్రెజిల్‌కు శాశ్వతంగా దక్కింది. మెదిసి ప్రభుత్వం ఆ విజయాన్ని తన కీర్తిగా చాటుకున్నది. చెరసాలల్లో హింస సాగుతున్న సంవత్సరాలవి. ఆ ప్రచారానికి జగాలో తోడ్పడ్డాడని చెప్పలేము, అభ్యంతరం చెప్పాడనీ చెప్పలేము.

నాలుగేళ్ల అనంతరం పశ్చిమ జర్మనీలో అదే సంయమనం దోషంగా పరిణమించింది. పీలే జాతీయ జట్టు నుంచి విరమించాడు. తొస్తావో కంటిజబ్బు వల్ల ఆటనే వదిలాడు. జెర్సన్, కార్లోస్ అల్బెర్టో లేరు. మిగిలినవారితో దాడి సాధ్యం కాదని నిర్ణయించుకున్న జగాలో రక్షణనే ఆశ్రయించాడు. యుగోస్లావియా, స్కాట్లండ్‌లతో గోలు లేని డ్రాలు; జయీర్‌పై 3-0తో గట్టెక్కడం; జూలై 3న డార్ట్‌మండ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 0-2 పరాజయం; చివరకు పోలండ్ చేతిలో ఓడి నాలుగవ స్థానం. ఏడు పోటీల్లో జట్టు చేసిన గోలులు ఆరు. ఓటమికంటే ఓడిన తీరు ఎక్కువ నిందకు గురైంది: పసుపు చొక్కాల జట్టు ప్రత్యర్థి కాళ్లను తన్నుతూ కనిపించింది. క్రైఫ్ ఆడిన ఆ నెదర్లాండ్స్ జట్టు ప్రదర్శించిన కొత్త ఆటలో, ప్రతి ఆటగాడూ దాడికీ రక్షణకూ సమానంగా పరుగెత్తేవాడు. 1958లో ఒక్క జగాలో చేసిన పనిని పదిమంది చేసే ఆట అది. దాని వంశవృక్షంలో తన పేరు కూడా ఉన్నదని గుర్తించవలసినవాడు, ఆ జట్టును పోటీకి ముందు తేలికగా అంచనా వేయడం విచిత్రం.

తరువాతి పదిహేనేళ్లలో ఎక్కువభాగం ఆయన ఎడారి దేశాలలోనూ రియో క్లబ్బులలోనూ గడిపాడు. 1976లో కువైట్‌ను గల్ఫ్ కప్పు విజేతగా నిలిపాడు; 1980 దశకంలో సౌదీ అరేబియా జట్టును నడిపాడు; యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను 1990 ప్రపంచ కప్పుకు అర్హత పొందేలా చేసి, అక్కడి యాజమాన్యంతో పొసగక పోటీలకు ముందే పదవి కోల్పోయాడు. చమురు సంపద ఫుట్‌బాల్ పాఠశాలలను కొనుగోలు చేసిన యుగంలో, ఆ పాఠం చెప్పిన తొలితరం బ్రెజిలియన్లలో ఆయన, పరేరా ముఖ్యులు.

1994లో పరేరా శిక్షకుడు కాగా, జగాలో సాంకేతిక సమన్వయకర్తగా ఉన్న జట్టు అమెరికాలో ఇటలీని పెనాల్టీలలో ఓడించి, ఇరవై నాలుగేళ్ల నిరీక్షణకు తెర దించింది. భార్య అంథోనీ మునిని కొలిచేది. ఆ ముని పండుగ జూన్ 13న గనుక పదమూడు అంకెపై జగాలోకు అచంచల విశ్వాసం. 94లోని అంకెలను కూడితే పదమూడే వస్తుందని లోకానికి గుర్తుచేయడం ఆయన మానలేదు. ఇంతటి లెక్కల మనిషి ఇటువంటి లెక్కను కూడా నమ్మడం చూసి నవ్వుకున్నవారు ఉన్నారు. ఆటను దగ్గరగా ఎరిగినవారు అంతగా నవ్వలేదు.

ఆ తరువాత ప్రధాన శిక్షకత్వం మళ్లీ ఆయనకే దక్కింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో జపాన్ చేతిలో, నైజీరియా చేతిలో ఓటములు. 1997లో బొలీవియాలో జరిగిన కోపా అమెరికాలో విజయం, ఆ రాత్రి కెమెరాల ఎదుట విమర్శకులపై ఆయన ఉద్రేకపూరిత ప్రత్యుత్తరం. 1998 ప్రపంచ కప్పుకు ముందు గాయపడిన ఆక్రామకుడు రొమారియోను తొలగించడం మీద రేగిన వివాదం. అరవై ఆరేళ్ల వృద్ధుడు దేశమంతటితో వాదులాడుతూనే జట్టును అంతిమ పోటీకి చేర్చాడు.

ఫ్రాన్స్‌తో ఆ అంతిమ పోటీ జరగవలసిన జూలై 12 మధ్యాహ్నం హోటల్ గదిలో ఆక్రామకుడు రొనాల్డోకు మూర్ఛ వచ్చింది. అతని స్థానంలో ఎడ్ముండో పేరుతో జాబితా వెలువడింది, పారిస్‌లోని క్లినిక్‌లో జరిపిన పరీక్షలలో దోషమేమీ కనపడలేదని చెప్పి రొనాల్డో మైదానానికి వచ్చి, ఆడతానని పట్టుబట్టాడు, జగాలో అంగీకరించాడు. ఫ్రాన్స్ 3-0తో గెలిచింది. రొనాల్డోను ఆడించాలని జట్టు ప్రాయోజక వాణిజ్య సంస్థ తెచ్చిన ఒత్తిడి పనిచేసిందన్న అనుమానంతో బ్రెజిల్ పార్లమెంటు విచారణ కూడా జరిపింది. జగాలో సైతం వాంగ్మూలమిచ్చాడు. ఒత్తిడికి రుజువు దొరకలేదు. వైద్యులు ఆరోగ్యవంతుడన్న, ప్రపంచంలోకెల్లా శ్రేష్ఠుడైన ఆటగాణ్ని కూర్చోబెట్టి ఓడి ఉంటే ఆ శిక్షకుణ్ని లోకం ఏమనేదో ఊహించవచ్చు. అయితే మధ్యాహ్నం మృత్యుముఖాన్ని చూసి వచ్చిన జట్టు మనఃస్థితిని ఆయన తూచలేకపోయాడన్నదీ నిజమే. ఇంకొక మాట. మొదటి సగంలో జిదాన్ తలతో చేసిన రెండు గోలులూ కార్నర్ కిక్కుల నుంచి వచ్చినవి. ఆ లోపానికి రొనాల్డో అస్వస్థతతో సంబంధం స్వల్పం. జీవితమంతా వెనుక భాగాన్ని కాపాడమని బోధించినవాడి జట్టు కాపుదల లోపించి ఓడింది. ఆ సాయంత్రం కప్పునెత్తిన ఫ్రెంచి నాయకుడు దెషాం.

2006లో పరేరాకు సహాయకుడిగా మరోమారు ప్రపంచ కప్పుకు వెళ్లి, మళ్లీ ఫ్రాన్స్ చేతిలోనే ఓడి తిరిగివచ్చాక జగాలో జాతీయ జట్టు బాధ్యతల నుంచి విరమించాడు. ఆయన వ్యూహశాస్త్రానికి గ్రంథకర్త కాడు. సల్దానాకున్న వాక్పటిమ గాని, క్రైఫ్‌కున్న దార్శనికత గాని ఆయనకు లేవు. ఉన్న ప్రతిభావంతులను ఒకరికొకరు అడ్డు రాకుండా అమర్చడంలో ఆయనకు సాటివచ్చినవారు అరుదు. ప్రతిభ కొరవడినప్పుడు దానిని కల్పించే శక్తి మాత్రం ఆయనకు లేదని 1974 తేల్చింది. 2024 జనవరి 5న రియోలో తొంభై రెండేళ్ల వయస్సులో మరణించేనాటికి, 1958 అంతిమ పోటీ ఆడిన బ్రెజిల్ పదకొండుమందిలో జీవించి ఉన్నవాడు ఆయనొక్కడే. 2022 దాకా బ్రెజిల్ గెలిచిన ఐదు ప్రపంచ కప్పులలో ఆయన ప్రమేయం లేనిది 2002 నాటిది ఒక్కటే.